బిక్కిచెట్టుకు నేనంటగట్టిన వెక్కిళ్ళు

మా బడి వెనక, గుట్ట బండ దిగే చోట, నేను వ్యాన్ నిలిపే జాగాకు ఆనుకొని ఒక పొద ఉంది. మా బడి అంటే నేను చదివిన బడి కాదు, నేను వ్యాన్ తోలే బడి. నేను చదివిన బడి నన్ను ఏడో తరగతిలోనే సాగనంపింది. రెండేండ్లు అదే తరగతిలో కూర్చున్నాక, ఇద్దరిలో ఎవరో ఒకరు లేచి పోవాల్సిందే కదా. బడి కదల్లేదు, నేను కదిలినాను.

ఈ బడిలో నాకు రెండు పనులు. పొద్దున ఉద్దనపల్లి పక్కకు పోయి ఒక వ్యాన్ నిండా పిల్లోల్లను తెచ్చేది, మళ్ళా మత్తిగిరి పక్కకు పోయి ఇంకో వ్యాన్ నిండా తెచ్చేది. సాయంత్రం అదే పని తలకిందులుగా. మధ్యలో పొద్దంతా వ్యాన్ నీడలో కూర్చొని దొరికినోళ్ళను ఆటపట్టించేది మూడో పని. దానికి నన్ను ఎవరూ పెట్టుకోలేదు, నేనే చేరినాను.

మూడు రాష్ట్రాలు కలిసే జాగా మాది. ఉద్దనపల్లి పిల్లోల్లు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపమొస్తే కన్నడం మాట్లాడతారు. మత్తిగిరి పిల్లోల్లలో సగం మంది ఆంధ్రా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినోళ్ళ బిడ్డలు. వాళ్ళ తెలుగు టీవీలో వచ్చే మాదిరి ఉంటుంది. నేను 'యాడికి' అంటే వాళ్ళు నవ్వుతారు, వాళ్ళు 'ఎక్కడికండీ' అంటే నేను నవ్వుతాను. రెండు పక్కలా లెక్క సరిపోతుంది.

ఆ పొద సంగతికి వస్తాను. దాని పేరు బిక్కి. ఆ పేరు నాకు మా అవ్వ చెప్పింది. నేను ఇంకా బడికి పోని వయసులో అవ్వ నన్ను ఎనుములు మేపేదానికి గుట్టకు తీసుకొనిపోయేది. ఆడ బిక్కి కొమ్మల కొనల్లో పచ్చగా అంటుకొని ఉండే బంకను గోటితో గీరి, ఎనుముకు పుండైతే దానిమీద పూసేది. ఈగలు దగ్గరికి వచ్చేవి కాదు. ఆ వాసనకు నేను కూడా వచ్చేవాణ్ణి కాదు. అప్పట్లో ఈ పక్క గుట్టలమీద బిక్కి శానా ఉండేదంట. ఇప్పుడు గుట్టలే బండలై లారీలెక్కి పోతా ఉండాయి, ఇంక పొదలు యాడుంటాయి. మా బడి వెనక ఒకటి మిగిలింది. అది కూడా ఎవరో కాపాడి మిగల్లేదు, ఎవరి కంటా పడక మిగిలింది.

కంట పడింది ఎట్లాగంటే, బడిలో ఏదో పండగనాడు చెట్ల సంగతి చదివిన ఒక పెద్దాయన వచ్చినాడు. తిరిగి పోయేటప్పుడు నా వ్యాన్ పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. తాళంచెవి పడేసుకున్నాడేమో అని నేను కూడా వంగి వెతకడం మొదలుపెట్టినాను. ఆయన నేల వెతకడం లేదు, పొదను చూస్తా ఉన్నాడు. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల ఇప్పుడు దొరకడం లేదు, జాగ్రత్తగా చూసుకోండి అని మా సైన్సు టీచరమ్మతో చెప్పి పోయినాడు.

టీచరమ్మ కూడా మత్తిగిరిలోనే ఉంటుంది, ఆంధ్రా ఆమె. మొగుడికి ఈడ ఫ్యాక్టరీలో పని దొరికితే ఇద్దరూ వచ్చినారు. మనిషి తక్కువ మాట్లాడుతుంది. ఆ రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చి అడిగింది.

"డ్రైవర్ గారూ, ఈ మొక్క గురించి మీకేమైనా తెలుసా?"

నా బతుకులో అంతకు ముందు టీచర్లు నన్ను శానా ప్రశ్నలు అడిగినారు. అన్నీ నాకు తెలియదని తెలుసుకోవడానికే అడిగినారు. నాకు తెలిసింది తాను తెలుసుకోవాలని ఒక టీచరు అడగడం అదే మొదలు. నాకు ఒక నిమిషం మాట రాలేదు. నన్ను ఎరిగినోళ్ళకు ఆ నిమిషం విలువ తెలుస్తుంది. ఈ పొద్దుకూ ఆయమ్మను తలుచుకుంటే నేను వ్యాన్‌లో సీటుమీద కొంచెం నిటారుగా కూర్చుంటాను.

తెలిసిందంతా చెప్పినాను. ఆయమ్మ అంతా విని, "ఇదే పిల్లలకి చెప్పండి" అనింది.

అట్లా శుక్రవారం చివరి పీరియడ్ నాదయింది. పిల్లోల్లు బండమీద కూర్చుంటారు, నేను పొద పక్కన నిలబడతాను. చేతిలో బెత్తం బదులు వ్యాన్ తుడిచే గుడ్డ.

"ఇది ఎంత ఎత్తుందో చూడండి. నా ఎదదాకా ఉండాది. నేను బడి మానేసిన నాటికి కూడా దీని జాతోళ్ళు ఇంతే ఎత్తుండిరి. ఎదగడానికి దీనికి తొందర లేదు, నా మాదిరే. కాండం చూడండి, బూడిద రంగు, వంకర టింకర, ముట్టుకుంటే గట్టిది. ఆకులు చూడండి. ఒక ఆకు యాడుంటే దానికి ఎదురుగా ఇంకో ఆకు. ఎప్పుడూ జంటగా. మొగుడూ పెళ్ళాం కొట్లాడినా ఎడం జరగరు. ఆకుకు కాడ ఉందా లేదా అన్నట్లుంటుంది, కొమ్మకే అతుక్కొని కూర్చుంటుంది. పైన నూనె రాసినట్లు మెరుపు. నడిమి ఈనె నుంచి అటూ ఇటూ గీతలు, చేప ముళ్ళ మాదిరి. లెక్కపెట్టుకోండి."

పిల్లోల్లు ఆకు తెంపకుండా వంగి గీతలు లెక్కపెట్టినారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క వచ్చింది. నాకు అది నచ్చింది, నా బడి గుర్తొచ్చింది.

"ఇప్పుడు అసలు సంగతి. ప్రతి కొమ్మ కొనలోనూ పచ్చగా ఒక బొట్టు కనిపిస్తుంది చూడండి. అది బంక. ఎండకు చూస్తే చెవి కమ్మలో రాయి మాదిరి తళతళమంటుంది. ముట్టుకుంటే వదలదు. వాసన చూడండి."

చూసినారు. ముఖాలు ఎట్లా పెట్టినారో చెప్పలేను. ఇంగువ, వాము, తడిసిన పిల్లి మూడూ ఒకే బస్సెక్కినట్లుంటుంది ఆ వాసన. ఈ బంక యాడ నుంచి వచ్చిందన్నా అని ఒక పిల్లోడు అడిగితే, గుట్టమీది నక్కకు జలుబు చేసి ఈడ ముక్కు చీది పోయింది అన్నాను. అరిచినారు, నవ్వినారు. టీచరమ్మ మాత్రం నవ్వకుండా అసలు సంగతి చెప్పింది. లోపల పుట్టే లేత ఆకును ఆ బంక చుట్టుకొని ఉంటుందంట, ఎండకు వాడకుండా, పురుగు కొరక్కుండా. అంటే అది చెట్టు తన బిడ్డకు తొడిగిన చొక్కా. నక్క కంటే ఇదే బాగుంది అనుకున్నాను, కానీ బయటికి ఒప్పుకోలేదు.

పువ్వు సంగతి కూడా చెప్పినాను. ఎండాకాలంలో కొమ్మ కొనకు పొడుగు మొగ్గ వస్తుంది. విచ్చుకుంటే కింద సన్నని గొట్టం, పైన అయిదు రేకులు. మొదటి రోజు తెల్లగా పెండ్లికొడుకు చొక్కా మాదిరి ఉంటుంది, రెండో రోజు మీగడ రంగు, ఆ తర్వాత పసుపుపచ్చ. అదే చొక్కాను మూడు నాళ్ళు విప్పకుండా తొడుక్కున్నట్లు. ఆ తర్వాత చిన్న నిమ్మకాయంత గట్టి కాయ, కాయ కొనలో పక్షికి మాదిరి ముక్కు. పువ్వు కింద ఉండే ఆకుపచ్చ గిన్నె ఎండి అట్లా ముక్కై మిగిలిపోతుంది.

ఇదంతా నిజం. ఈ నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఉద్దనపల్లి పాప ఒకటి, తొమ్మిదేండ్లది, ముందు వరసలో కూర్చునేది. "పువ్వు రంగు మారేది యాడన్నా ఉంటుందా, పోన్నా" అనింది.

అప్పుడే ఒక పిల్లోడు బంక బొట్టున్న కొనను తుంచబోయినాడు. నేను అరవలేదు. అరిస్తే నేను కూడా టీచరై పోతాను కదా. మెల్లగా అన్నాను.

"తుంచు నాయనా. నీకే బిక్కళికె వస్తుంది. లేకుంటే దీనికి బిక్కి అని పేరెందుకొచ్చింది అనుకున్నావు?"

ఇది మా పక్క వాళ్ళకు తప్ప ఇంకెవరికీ పనిచేయని అబద్ధం. వెక్కిళ్ళను కన్నడంలో బిక్కళికె అంటారు. తమిళంలో విక్కల్. మా పిల్లోల్ల చెవుల్లో మూడు భాషలూ కలిసే ఉంటాయి, కాబట్టి బిక్కి అన్న మాటలోనే వాళ్ళకు వెక్కిళ్ళు వినిపించినాయి. చెయ్యి టక్కున వెనక్కి పోయింది. టీచరమ్మకు కన్నడం రాదు, పక్కన ఉన్న పాపను అడిగి తెలుసుకుంది. నా పక్క ఒక చూపు చూసింది.

ఆ నాటి నుంచి ఆ పొదను తాకినోడు లేడు. నాకెంత గర్వమో చెప్పలేను. నిజాలు పది చెప్పినాను, ఒక్కటీ పనిచేయలేదు. అబద్ధం ఒక్కటి చెప్పినాను, కంచె మాదిరి నిలబడింది.

ఎండలు మొదలైనాయి. పొదకు మొగ్గలు వచ్చినాయి. ఒక కొమ్మకు మూడు, ఇంకో కొమ్మకు ఒకటి. పిల్లోల్లు దినామూ వచ్చి చూసేవాళ్ళు. పువ్వు రంగు మారుతుందా లేదా అని వ్యాన్‌లో పందేలు కూడా నడిచినాయి.

ఒక సోమవారం మధ్యాహ్నం అన్నం బెల్లు అయినాక గోల వినిపించింది. నేను పోయి చూస్తే, మూడు మొగ్గల కొమ్మ విరిగి తోలుతో వేలాడతా ఉంది. ముప్పై మంది పిల్లోల్లు చుట్టూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి గోల ఆపినారు. అంతలో ఉద్దనపల్లి పాప 'హిక్' అనింది.

పాపం, చిత్రాన్నం నీళ్ళు లేకుండా గబగబా తిని పరిగెత్తుకొని వచ్చింది. అది వెక్కిళ్ళు రాని మనిషికి కూడా వచ్చే సమయం. కానీ ముప్పై తలలూ ఒక్కసారి ఆ పాప పక్కకు తిరిగినాయి.

"నేను కాదు" అనింది పాప. అని మళ్ళా 'హిక్' అనింది.

నేను ఆడ ఏం చేయాల్సిందో ఇప్పుడు బాగా తెలుసు. ఆ పొద్దు చేసింది చెప్తాను. నవ్వినాను. నవ్వి, "నువ్వు కాదంటావు, చెట్టు అవునంటా ఉండాదే పాపా" అన్నాను. పిల్లోల్లంతా విరగబడి నవ్వినారు. మంచి మాట పడింది అనుకున్నాను. మాట బాగా పడితే అది ఎవరిమీద పడిందో చూసే అలవాటు నాకు అప్పటికి లేదు.

సాయంత్రం వ్యాన్‌లో ఆ పాపను అందరూ 'బిక్కీ' అని పిలిచినారు. బిక్కీ జరుగు, బిక్కీ కిటికీ వెయ్యి, బిక్కీ నీ బ్యాగు తీయి. పాప కిటికీ పక్కకు తిరిగి కూర్చుంది. నేను అద్దంలో చూసినాను. రోడ్డు చూసుకోవాలి కదా అని మళ్ళా రోడ్డు చూసినాను.

మరుసటి రోజు ఉద్దనపల్లి మలుపులో పాప లేదు. వాళ్ళమ్మ ఒక్కతే నిలబడి ఉంది. వాళ్ళది రోజాపూల తోటలో పని, చేతులకు గుడ్డలు చుట్టుకొని ఉంది.

"కడుపు నొప్పంట అప్పా. నువ్వు పో."

ఆ తర్వాతి రోజు మలుపులో వాళ్ళమ్మ కూడా లేదు.

నాకు ఈ వరస తెలుసు. మొదటి రోజు కడుపు నొప్పి. రెండో రోజు సిగ్గు. మూడో రోజు అలవాటు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే మాకు చదువు ఎక్కలేదు అని మనమే నవ్వతా చెప్పుకుంటాము. నేను ఇంతసేపూ మీకు చెప్పింది అదే. ఏడో తరగతి రెండుసార్లు, బడి కదల్లేదు, నేను కదిలినాను అని. నన్ను బడి మాన్పించింది లెక్కలు కాదు, ఒక మారుపేరు. ఎవరో తమాషాకు పెట్టినాడు, బడంతా పట్టుకుంది. ఆ పేరేమో చెప్పను. చెప్తే మీరు కూడా పిలుస్తారు.

ఆ మధ్యాహ్నమే బడిలో కొళాయి దగ్గర వ్యాన్ కడుగుతా ఉన్నాను. వెనక పక్కకు పోయేసరికి ముందు ముక్కుకు తెలిసింది. ఇంగువ, వాము, తడిసిన పిల్లి. వంగి చూసినాను. బంపర్ మూలన పసుపుపచ్చగా ఒక మరక, దానికి అంటుకొని సగం ఆకు. సబ్బు పెట్టి రుద్దినాను. పోలేదు. పోదని పిల్లోల్లకు పాఠం చెప్పింది నేనే.

సోమవారం పొద్దున సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేను నిలిపే జాగాలో నీళ్ళ ట్యాంకర్ ఉండింది. నేను దాని పక్కనుంచి వెనక్కి తీసుకున్నాను. తీసుకుంటా ట్యాంకర్ డ్రైవర్‌తో కిటికీలో నుంచి ఎగతాళి మాటలాడతా ఉన్నాను. వెనక ఏదో చిటుక్కుమంటే పుల్లేమో అనుకున్నాను.

చేతిలో గుడ్డ ఉంది. పక్కన సీసాలో కిరసనాయిలు ఉంది. ఒక్క తుడుపు. ఎవరికీ తెలిసేది కాదు. కొంచెంసేపు బంపర్ ముందు గొంతుక్కూర్చున్నాను. ఆ తర్వాత గుడ్డ ఆడనే పడేసి టీచరమ్మ దగ్గరికి పోయినాను.

"కొమ్మ విరిచింది నేనేనమ్మా" అన్నాను.

ఆయమ్మ నోటుబుక్కులు దిద్దుతా తలెత్తింది. "ఇది జోకా?"

"కాదమ్మా."

"నాకెలా తెలుస్తుంది?"

ఆ మాట ఊరికే అడిగింది, నన్ను కించపరచాలని కాదు. కానీ నేను ఇన్నేండ్లు ఎట్లా బతికినానో ఆ ఒక్క మాటలో ఉంది. ఆయమ్మను తీసుకొని పోయి బంపర్ చూపించినాను. వంగి వాసన చూసి, ముక్కు తుడుచుకొని అనింది.

"పిల్లలకి మీరే చెప్పాలి. ముందు ఆ పాపకి."

మరుసటి రోజు పొద్దున వ్యాన్‌లో పది మంది పిల్లోల్లను పెట్టుకొనే ఉద్దనపల్లి మలుపులో ఆపి దిగినాను. తోట షెడ్డులో పాప కింద కూర్చొని రోజా కాడల కింది ఆకులు తీస్తా ఉంది. వాళ్ళమ్మ కట్టలు కడతా ఉంది.

"ఏమప్పా, ఈడికే వచ్చినావు" అనింది వాళ్ళమ్మ. గొంతులో రమ్మన్న మాట లేదు. "ఇది ఇంక రాదంట. కుందారపల్లిలో చిన్నమ్మ దగ్గరికి పంపమంటా ఉండాది. నీ వ్యాన్‌లో పిల్లోల్లంతా దీనికి పేరు పెట్టినారంట కదా."

"పేరు పెట్టింది పిల్లోల్లు కాదమ్మా, నేను" అన్నాను. పాప పక్కకు తిరిగినాను. "పాపా, ఆ కొమ్మ విరిచింది నా వ్యాను. వెనక్కి తీసుకుంటా గుద్దినాను. బంపర్‌కు బంక ఉండాది. వచ్చి చూడు."

పాప లేవలేదు. ఇంకో కాడ తీసుకుంది. ఆకులు తీసింది. ఆ తర్వాత అడిగింది.

"మరి నీకు బిక్కళికె వచ్చిందా?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు?"

నేను శానా వాదనల్లో గెలిచినోణ్ణి. పోలీసోళ్ళతో, పెట్రోలు బంకోళ్ళతో, మా ఇంటామెతో తప్ప అందరితోనూ. ఆ పాపతో వాదించలేదు.

"అది అబద్ధం కాబట్టి" అన్నాను. "ఎవరూ తుంచకూడదని చెప్పినాను."

పాప చేతిలో కాడ కింద పెట్టింది. "ఇంకేమేం అబద్ధం చెప్పినావు?"

వాళ్ళమ్మ నవ్వు ఆపుకునేదానికి అటు తిరిగింది. నేను నిలబడే ఉన్నాను, పాప కింద కూర్చొనే ఉంది, అయినా ఎవరు పెద్ద అనేది తెలిసిపోతా ఉంది.

"ఆకులు జంటలుగా ఉండేది?"

"నిజం."

"ఆకుకు కాడ లేనిది?"

"నిజం. ఉన్నా వేలిగోరంత కూడా ఉండదు."

"నక్క ముక్కు చీదింది?"

"అబద్ధం. టీచరమ్మ చెప్పింది నిజం. లేత ఆకుకు చొక్కా."

"కాయకు ముక్కుండేది?"

"నిజం."

"మీ అవ్వ ఎనుముకు పూసింది?"

"నిజం పాపా. ఆ ఎనుము మీద ఒట్టు."

"ఎనుము ఇప్పుడు లేదు కదా."

"లేదు."

కింద పెట్టిన కాడ మళ్ళా చేతికి తీసుకుంది. "పువ్వు రంగు మారేది?"

"నిజం."

"అది కూడా అబద్ధమే" అనింది. "అదే అన్నిటికంటే పెద్దది."

"ఇంకో కొమ్మకు ఒక మొగ్గ మిగిలుండాది. అది విచ్చుకున్నాక నువ్వే చూసి చెప్పు. అబద్ధమైతే నువ్వు కుందారపల్లికి పో, నేనే వ్యాన్‌లో దింపి వస్తాను."

పాప లేచింది. వ్యాన్ దాకా వచ్చి బంపర్ దగ్గర వంగి వాసన చూసి, ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత తన చేతులు రెండూ నా ముఖం ముందర పెట్టింది. రోజాల వాసన తప్ప ఇంకేమీ లేదు. సోమవారం ఈ చేతులను ఒక్కరన్నా వాసన చూసింటే సరిపోయేది. బంక పాఠం విన్న ముప్పై మందిలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, చెప్పినోడికి అసలే రాలేదు.

"అందరికీ చెప్పు" అనింది.

వ్యాన్ కిటికీల్లో పది తలలు ఎప్పటి నుంచో బయటే ఉన్నాయి. చెప్పినాను. గట్టిగానే చెప్పినాను. కొమ్మ విరిచింది నేను, బిక్కళికె అబద్ధం, ఈ పాప ఏమీ చేయలేదు అని. "మరి వ్యానుకు బిక్కళికె రాలేదా అన్నా?" అని ఒక చిన్నోడు అడిగినాడు. నా డీజిల్ బండికి చెట్టు తాకకుండానే అది దినామూ ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగినాను.

పాప లోపలికి పోయి బ్యాగు తెచ్చుకుంది. వాళ్ళమ్మ నా చేతిలో నాలుగు రోజాలు పెట్టింది. టీచరమ్మకు ఇయ్యమనింది.

బడిలో ఆ రోజే పొద దగ్గర అందరికీ ఇంకోసారి చెప్పినాను. నేను భయపడింది ఒక్క ప్రశ్నకే. అది కూడా వచ్చింది. ఆ తుంచబోయిన పిల్లోడే అడిగినాడు.

"అయితే తుంచితే ఏమీ కాదా అన్నా?"

"నీకేమీ కాదు" అన్నాను. నాకు తెలిసిన కంచె ఆ అబద్ధం ఒక్కటే, దాన్ని నా చేత్తోనే పీకేసినాను. విరిగిన కొమ్మను ఎత్తి చూపించినాను. మొగ్గలు మూడూ నల్లబడి ఉన్నాయి. "నీకేమీ కాదు. దీనికి ఇట్లా అవుతుంది" అన్నాను. అంతకంటే గొప్ప పాఠం నాకు చేతకాలేదు. పిల్లోడు ఆ మొగ్గలను కొంచెంసేపు చూసి, చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకున్నాడు. వాణ్ణి తలుచుకుంటే ఈ పొద్దుకూ నాకు కడుపు చల్లగా ఉంటుంది.

తొమ్మిది రోజులకు ఆ ఒక్క మొగ్గ విచ్చుకుంది. ముందునాటి సాయంత్రమే విచ్చుకున్నట్లుంది, పొద్దున మేము వచ్చేసరికి తెల్లగా, అయిదు రేకులతో ఉంది. బంక వాసన ఇచ్చిన కొమ్మ నుంచే ఈ కమ్మని వాసన కూడా వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. పాప బ్యాగు దించకుండానే పోయి చూసింది. మరుసటి రోజు వచ్చి చూసింది. మూడో రోజు పసుపుపచ్చగా ఉంటే, ముందు రోజు పువ్వు రాలిపోయి ఇది వేరే పువ్వేమో అని కింద నేలంతా వెతికింది. ఏమీ దొరకలేదు. నా దగ్గరికి వచ్చి, "ఇది నిజమే" అనింది. మార్కులు వేసినట్లు అనింది. నేను ఏ పరీక్షలోనైనా పాసైంది అదొక్కటే.

వ్యాన్ నేను ఇప్పుడు పొదకు శానా దూరంగా నిలుపుతాను. అడ్డంగా నాలుగు రాళ్ళు కూడా పెట్టినాను. విరిగిన చోట పక్క నుంచి కొత్త చిగురు వచ్చింది, కొనలో బంక బొట్టుతో.

ఈ ఏడు కొత్త పిల్లోల్లు చేరినారు. శుక్రవారం పీరియడ్ నాది కాదు, ఆ పాపది. టీచరమ్మ అడిగితే నేనే ఇచ్చేసినాను. పాప పొద పక్కన నిలబడి చెప్తుంది. ఎత్తు ఇంత, కాండం బూడిద రంగు, ఆకులు ఎదురెదురుగా, కొనలో బంక, పువ్వు మూడు నాళ్ళలో మూడు రంగులు, కాయకు ముక్కు. అన్నీ నిజాలు. వెనక వరసలో ఒకరిద్దరు ఆవలిస్తారు కూడా. నేను వ్యాన్ నీడలో కూర్చొని నోరు గట్టిగా మూసుకుంటాను. అది నాకెంత కష్టమో దేవుడికే తెలుసు.

పోయిన శుక్రవారం ఒక కొత్త పాప, మత్తిగిరి నుంచి వచ్చేది, విరిగిన కొమ్మ మోడు చూసి అడిగింది.

"అక్కా, ఇది ఎవరు విరిచేశారు?"

ఉద్దనపల్లి పాప నా పక్కకు చూసింది. నేను లేచి నిలబడినాను, చెప్పు అన్నట్లు తలూపినాను. ఆ పాప చెప్తే వినడానికి నేను తయారుగానే ఉన్నాను. తనను ముప్పై మంది ముందర నిలబెట్టినోణ్ణి నేను. ఇప్పుడు నన్ను ముప్పై మంది ముందర నిలబెట్టడానికి తనకు ఒక్క మాట చాలు.

"ఒక వ్యాను" అనింది పాప. అని, కాయ ముక్కు చూపించేదానికి అందరినీ ఈ పక్కకు రమ్మనింది.